మొక్కల సమ్మేళనాలతో ఆహారంలో హానికర బ్యాక్టీరియాను అదుపు చేయడం: ల్యాబ్ ప్లేటు నుంచి ప్యాకెట్ దాకా సమగ్ర మార్గదర్శి

పెట్రి డిష్‌లో పల్చగా పరిచిన బ్యాక్టీరియా మధ్యలో చిన్న కాగితపు బిళ్ల పెట్టి, దాని మీద దాల్చిన చెక్క తైలం ఐదు మైక్రోలీటర్లు వేస్తాం. మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ముందు ఆ వాసన గుప్పుమంటుంది. డిష్‌ను వెలుతురుకి ఎత్తి చూస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా, తేటగా ఖాళీ చోటు కనిపిస్తుంది. మిగతా డిష్ అంతా మసకగా బ్యాక్టీరియా పొర, ఆ వలయంలో మాత్రం ఏమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి అనే మాట దాదాపు ఒకటే: "ఇంకేం, దీన్నే ఆహారంలో కలిపేద్దాం!"

అలా కలిపేస్తే పనిచేయదు. మొదట్లో నేనూ ఆ మాట అన్నవాడినే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. మొక్కల సమ్మేళనాలకు నిజంగా బలం ఉంది. కానీ ఆ బలం ఆహారంలో బ్యాక్టీరియా దాకా చేరాలి, చేరేంత మోతాదు వేసినా తినేవాళ్లకి రుచి చెడకూడదు, ఒంటికి హాని కలగకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరాలంటే ఒక వరుసలో పనిచేయాలి. నేను నేర్చుకున్న వరుస ఇది.

మొదలుపెట్టే ముందే ఒక షరతు. శుభ్రత, చల్లదనం, సరైన వేడి, ఇవి సరిగ్గా లేని చోట ఏ తైలమూ ఆదుకోదు. జర్మనీ శాస్త్రవేత్త లోథర్ లైస్ట్‌నర్ 1970ల్లో హర్డిల్ టెక్నాలజీ అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. ఒక్క పెద్ద గోడ కట్టడానికి బదులు బ్యాక్టీరియా దారిలో చిన్న చిన్న అడ్డంకులు వరసగా పెట్టడం అన్నమాట. పులుపు ఒకటి, ఉప్పు ఒకటి, చల్లదనం ఒకటి. మొక్కల సమ్మేళనం ఆ వరసలో ఇంకొకటి, అంతే. ఉన్న అడ్డంకిని తీసేసి దాని స్థానంలో దీన్ని పెట్టే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి.

1. ఏ బ్యాక్టీరియాతో పోరాటమో ముందు తేల్చుకోండి

"బ్యాక్టీరియాను చంపాలి" అనేది లక్ష్యం కాదు. "ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉండే మెత్తని చీజ్‌లో లిస్టీరియా పెరగకూడదు" అనేది లక్ష్యం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

బ్యాక్టీరియాలో గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ అని రెండు పెద్ద వర్గాలున్నాయి. లిస్టీరియా మోనోసైటోజీన్స్, స్టెఫైలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సీరియస్, క్లాస్ట్రిడియం బొట్యులినమ్ గ్రామ్ పాజిటివ్. సాల్మొనెల్లా, ఈ.కోలై ఓ157, కాంపైలోబాక్టర్ గ్రామ్ నెగెటివ్. రెండో వర్గానికి కణం బయట ఒక అదనపు పొర ఉంటుంది. నూనె స్వభావం ఉన్న పదార్థాలను ఆ పొర చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే ఒకే తైలం లిస్టీరియా మీద తేలిగ్గా పనిచేసి, సాల్మొనెల్లా దగ్గరకొచ్చేసరికి ఎక్కువ మోతాదు అడుగుతుంది. ఆహారాన్ని పాడుచేసే సూడోమోనాస్ అయితే మరీ మొండిది.

లిస్టీరియాతో ఇంకో చిక్కు ఉంది. చాలా బ్యాక్టీరియా చల్లదనానికి నిద్రపోతే ఇది 0 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. గర్భిణులకు, వృద్ధులకు అది ప్రాణాంతకం కావచ్చు. తినడానికి సిద్ధంగా ఉండే చల్లని ఆహారాల్లో మొక్కల సమ్మేళనాలు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఎందుకంటే అక్కడ చల్లదనం అనే అడ్డంకి ఒక్కటే చాలదు.

బీజకణాల, అంటే స్పోర్ల, సంగతి వేరు. బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతులు గట్టి కవచంలో స్పోర్లుగా దాక్కుంటాయి. మొక్కల తైలాలు వాటిని చంపుతాయని నమ్మకండి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బొట్యులిజం, అంటే బొట్యులినమ్ విషంతో వచ్చే పక్షవాతం, వచ్చింది. కారణం నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి. వెల్లుల్లిలో బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని మనందరికీ తెలుసు. అయినా మట్టి నుంచి వచ్చిన స్పోర్లు గాలి తగలని నూనెలో మొలకెత్తి విషాన్ని తయారుచేశాయి. 1989లో అలాంటిదే మరో ఘటన జరిగాక, నూనెలో వేసిన వెల్లుల్లి ఉత్పత్తులకు ఆమ్లం తప్పనిసరిగా కలపాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకన్నా తక్కువ ఉంటే బొట్యులినమ్ పెరగదు. అక్కడ కాపాడేది ఆ పులుపు, వెల్లుల్లి కాదు.

2. శత్రువుకు తగ్గ సమ్మేళనాన్ని ఎంచుకోండి

మొక్క పేరు కాదు, అందులోని పదార్థం పేరు పట్టుకోవాలి. లవంగ తైలంలో యూజెనాల్ సాధారణంగా 70 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. వాము, థైమ్ తైలాల్లో థైమోల్, ఒరెగానోలో కార్వాక్రోల్, దాల్చిన చెక్కలో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ప్రధానం. వెల్లుల్లిలో అల్లిసిన్, ఆవాల్లో అల్లైల్ ఐసోథయోసైనేట్ వస్తాయి. ఈ చివరి రెండింటిని "ఉంటాయి" అనలేదు, గమనించండి. చెక్కు చెదరని వెల్లుల్లి రెబ్బలో అల్లిసిన్ ఉండదు. రెబ్బను చిదిమినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైమ్ అల్లిన్‌తో కలిసి క్షణాల్లో దాన్ని తయారుచేస్తుంది. ఆవాల ఘాటు కూడా అంతే, నలిపి తడి తగిలితేనే పుడుతుంది. ముందే వేడిచేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక ఆ ఘాటు పుట్టనే పుట్టదు. ఉడకబెట్టిన వెల్లుల్లి పేస్టు కలిపి "సహజ రక్షణ" అని రాసుకోవడంలో అర్థం లేదని చెప్పేది ఇందుకే.

ఇవి పనిచేసే తీరు తెలిస్తే మిగతా అడుగులన్నీ సులువవుతాయి. థైమోల్, కార్వాక్రోల్, యూజెనాల్ ఫినాల్ జాతివి. బ్యాక్టీరియా కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరలోకి ఇవి దూరి దాన్ని వదులు చేస్తాయి. కణం లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, లోపల బయట ఉండాల్సిన ఆమ్ల తేడా పోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటుతుంది. ఒక్కమాటలో కుండకు చిల్లు పడ్డట్టే. సిన్నమాల్డిహైడ్, అల్లైల్ ఐసోథయోసైనేట్ పొరతో ఆగవు, కణంలోని ప్రొటీన్లతో నేరుగా రసాయనిక చర్య జరుపుతాయి. కొవ్వు పొరలోకి దూరే స్వభావమే వీటి బలం. ఆహారంలో వీటి బలహీనతా అదే, ఆ సంగతి నాలుగో అడుగులో వస్తుంది.

హాప్ పువ్వుల్లోని చేదు ఆమ్లాలు గ్రామ్ పాజిటివ్ వాటి మీద బాగా పనిచేస్తాయి, గ్రామ్ నెగెటివ్ వాటి మీద అంతగా కాదు. రోజ్‌మేరీ సారంలోని కార్నోసిక్ ఆమ్లాన్ని యూరప్‌లో ఈ392 పేరిట వాడతారు, కానీ అది కొవ్వు ముక్కిపోకుండా చూసే యాంటీఆక్సిడెంట్‌గా. దాన్ని బ్యాక్టీరియా మందు అనుకోకూడదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. దాల్చిన చెట్టు బెరడు నుంచి తీసిన తైలంలో సిన్నమాల్డిహైడ్ ప్రధానం. అదే చెట్టు ఆకుల నుంచి తీస్తే యూజెనాల్ ప్రధానం. డబ్బా మీద రెండింటికీ "దాల్చిన తైలం" అనే రాసి ఉండొచ్చు. థైమ్, ఒరెగానో మొక్కలైతే పెరిగిన నేలను బట్టి, కోత కోసిన సమయాన్ని బట్టి లోపలి పాళ్లు మారిపోతాయి. కాబట్టి ప్రతి బ్యాచ్‌కూ జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే తైలంలోని పదార్థాలను విడదీసి గుర్తించే పరీక్ష రిపోర్టు, అడగండి. ప్రధాన పదార్థం ఎంత శాతమో అందులో ఉండాలి. రిపోర్టు ఇవ్వలేనివాళ్ల దగ్గర తైలం ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

మసాలా పొడి, తైలం ఒకటి కాదు. 2009-10లో అమెరికాలో సలామీ తిన్న 270 మందికి పైగా సాల్మొనెల్లా సోకింది. ఆ సలామీకి పైన పూసిన మిరియాలు, మిరపపొడిలోనే అది ఉంది. క్రిములను చంపుతాయని పేరున్న మసాలాలే క్రిముల్ని మోసుకొచ్చాయి. పొడిగా వాడాలనుకుంటే ముందు ఆవిరితో శుద్ధి చేసినదే కొనండి.

3. ల్యాబ్‌లో ఎంఐసీ కనుక్కోండి

ఎంఐసీ అంటే బ్యాక్టీరియా కంటికి కనిపించేంతగా పెరగకుండా ఆపగల అతి తక్కువ మోతాదు. పైన చెప్పిన వలయం ఆసక్తి పుట్టించడానికి బాగుంటుంది కానీ కొలతకు పనికిరాదు. తైలం అగర్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) ఎంత దూరం పాకుతుందో, ఎంత ఆవిరవుతుందో దాని మీదే వలయం సైజు ఆధారపడుతుంది. రెండు తైలాల్ని వలయాల సైజుతో పోల్చి ఏది బలమైనదో తేల్చేస్తే పొరపాటు పడతారు.

96 గుంతల ప్లేటు తీసుకుని తైలాన్ని ఒక్కో గుంతకూ సగం సగం పలచన చేస్తూ వెళ్లండి. ప్రతి గుంతలోనూ మిల్లీలీటరుకు సుమారు ఐదు లక్షల బ్యాక్టీరియా ఉండేలా చూసుకోండి. 35 నుంచి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. రెసజ్యూరిన్ రంగు వేస్తే బ్యాక్టీరియా బతికున్న గుంత గులాబీ రంగులోకి మారుతుంది, పెరగని గుంత నీలంగానే ఉండిపోతుంది. నీలంగా ఉన్న గుంతల్లోంచి కొద్దిగా తీసి కొత్త అగర్ మీద వేస్తే అవి చచ్చాయో, ఊరికే ఆగిపోయాయో తేలుతుంది. ఆగిపోవడం వేరు, చావడం వేరు. తైలం ఆవిరైపోయాక ఆగిపోయినవి మళ్లీ లేస్తాయి.

ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. తైలం నీళ్లలో కలవదు కాబట్టి, రెండింటినీ కలిపి ఉంచే ట్వీన్ 80 లాంటి ఎమల్సిఫయర్ కాస్త ఎక్కువే వేసేస్తారు. అది తైలాన్ని తన బిందువుల్లో బంధించి బలం తగ్గించేస్తుంది. బదులుగా 0.15 శాతం అగర్ కలిపిన ద్రవంలో తైలాన్ని చెదరగొడితే మేలు. రెండోది, ప్లేటులోని గుంతలను విడివిడిగా సీల్ చేయరు. ఘాటైన తైలం ఆవిరిగా పక్క గుంతలోకి చేరి అక్కడి బ్యాక్టీరియానూ ఆపేస్తుంది, అప్పుడు తక్కువ మోతాదే సరిపోయినట్టు కనిపిస్తుంది. తైలం లేకుండా ఎమల్సిఫయర్ మాత్రమే ఉన్న గుంత ఒకటి ప్రతి ప్లేటులోనూ తప్పకుండా ఉండాలి.

రెండు సమ్మేళనాలు కలిపితే మోతాదు తగ్గుతుందేమో ఈ దశలోనే చూసుకోండి. లెక్క తేలికే. కార్వాక్రోల్ ఒక్కటే అయితే 0.4 మిల్లీగ్రాములు కావాలి, జతగా 0.1 చాలింది అనుకుందాం. నాలుగో వంతు, అంటే 0.25. రెండోదానికీ అలాగే 0.25 వస్తే మొత్తం 0.5. ఈ మొత్తం 0.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే రెండూ ఒకదానికొకటి బలమిస్తున్నట్టు లెక్క. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటున్నాయి. మధ్యలో ఉంటే కలిపి ప్రత్యేక లాభం లేదు.

4. అసలు పరీక్ష ఆహారంలోనే

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు ఉంటుంది ఈ తైలాల సంగతి. ల్యాబ్ ద్రవంలో విజృంభించినది ఆహారంలో పడగానే చల్లబడిపోతుంది. కారణం పైన చెప్పుకున్నదే. కొవ్వంటే దీనికి ఇష్టం. బ్యాక్టీరియా నీటి భాగంలో ఉంటే, తైలం వెళ్లి ఆహారంలోని కొవ్వులో కలిసిపోతుంది. మిగిలిన కాస్తలో కొంత ప్రొటీన్లకు అతుక్కుంటుంది. పైగా ల్యాబ్ ద్రవంలో లేనంత పోషణ ఆహారంలో దొరకడంతో దెబ్బతిన్న కణాలు త్వరగా కోలుకుంటాయి.

ఎంత తేడా ఉంటుందో 2004లో పరిశోధకురాలు సారా బర్ట్ రాసిన సమీక్షలో ఉంది. ల్యాబ్‌లో సరిపోయిన మోతాదుతో పోలిస్తే, సగం వెన్న తీసిన పాలలో సుమారు రెండింతలు, పంది కాలేయం సాసేజ్‌లో పదింతలు, సూప్‌లో 50 ఇంతలు, మెత్తని చీజ్‌లో 25 నుంచి 100 ఇంతలు అవసరమయ్యాయి. లెక్క వేసి చూడండి. ల్యాబ్‌లో లీటరుకు అర మిల్లీలీటరు చాలిందనుకుంటే సూప్‌లో లీటరుకు 25 మిల్లీలీటర్లు పోయాలి. అంత లవంగ తైలం పోసిన సూప్ నోట్లో పెట్టుకోవడం కుదరదు, నాలుక మొద్దుబారిపోతుంది.

అందుకే అనువైన ఆహారం ఎంచుకోవడమే సగం విజయం. కొవ్వు తక్కువ, ప్రొటీన్ తక్కువ, పులుపు ఎక్కువ, చల్లగా నిల్వ ఉండేది అయితే మీ పని తేలికవుతుంది. పండ్ల రసం, కోసిన పండ్లు, ఆకుకూరలు కడిగే నీళ్లు, టమాటా ఆధారిత సాస్‌లు మంచి అభ్యర్థులు. పులుపు పెరిగేకొద్దీ ఈ సమ్మేళనాలు కణ పొరలోకి ఇంకా బాగా దూరతాయి. కొవ్వు నిండిన చీజ్‌లోనో, మాంసం ముద్దలోనో లోపల కలపడం కంటే, పైపొర మీద పూయడం తెలివైన పని. ముక్క లోపలి కంటే పైపొర మీదే కదా బ్యాక్టీరియా ఎక్కువగా చేరేది. అయితే ఖీమాలో, గ్రైండ్ చేసిన మాంసంలో ఈ తర్కం పనికిరాదు, పైపొర అంతా లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

ఆహారంలో మొదటి ప్రయత్నానికి గ్రాముకు 0.5 నుంచి 20 మైక్రోలీటర్లు, కాయగూరలు కడిగే ద్రావణానికి మిల్లీలీటరుకు 0.1 నుంచి 10 మైక్రోలీటర్లు అనే పరిధి అదే సమీక్షలో ఉంది. కింది అంచు నుంచి మొదలుపెట్టండి. పైఅంచు దాకా వెళ్లకముందే రుచి మిమ్మల్ని ఆపేస్తుంది.

5. సమంగా కలపండి

ఒక అనుభవం చెబుతాను. ఒకచోట సాస్‌లో ఒరెగానో తైలం ప్రయోగం చేశాం. ట్యాంకులో కలిపి, తిప్పి, సీసాల్లో నింపారు. వారం తర్వాత లెక్కలు చూస్తే తల తిరిగింది. కొన్ని సీసాల్లో బ్యాక్టీరియా దాదాపు లేదు, కొన్నింట్లో తైలం వేయని సీసాల్లో ఉన్నంతే ఉంది. ల్యాబ్ తప్పనుకుని మళ్లీ చేశాం, అదే ఫలితం. చివరికి మూతలు తీసి వాసన చూస్తే విషయం అర్థమైంది. నింపడం మొదలైనప్పటి సీసాల్లో వాసన లేదు. చివర్లో నింపిన వాటిలో కళ్లు మండేంత ఘాటు. తైలం ట్యాంకు పైకి తేలిపోయింది, కింది నుంచి సాస్ లాగి నింపుతుంటే అది ఆఖరి సీసాల్లోకి చేరింది. రక్షణ లేని సీసాలు, తినలేని సీసాలు ఒకే బ్యాచ్‌లో వచ్చాయి. మొత్తం పారేశాం.

కాబట్టి తైలాన్ని నేరుగా ట్యాంకులో పోయకండి. ముందు ఎమల్షన్ చేయండి, అంటే తైలాన్ని సన్నటి బిందువులుగా నీళ్లలో చెదరగొట్టండి. లెసిథిన్, గమ్ అకేషియా, మోడిఫైడ్ స్టార్చ్, ట్వీన్ 80, వీటిలో మీ ఆహారానికి అనుమతి ఉన్నదాన్ని నీళ్లలో కరిగించి, తైలాన్ని సన్నటి ధారగా పోస్తూ హై షియర్ మిక్సర్‌తో తిప్పండి. తర్వాత హై ప్రెజర్ హోమోజెనైజర్ గుండా పంపితేనో, అల్ట్రాసౌండ్ ఇస్తేనో బిందువులు 200 నానోమీటర్ల కంటే చిన్నవవుతాయి. దీన్నే నానో ఎమల్షన్ అంటున్నారు. బిందువు ఎంత చిన్నదైతే తైలం అంత సమంగా పరుచుకుంటుంది.

థైమోల్ లాంటివి కొద్దిగా నీళ్లలో కరుగుతాయి. దానివల్ల చిన్న బిందువుల్లోని తైలం మెల్లగా పెద్ద బిందువుల్లోకి చేరి, కొద్ది రోజుల్లో ఎమల్షన్ విరిగిపోతుంది. తైలంలో ముందే కొంత మొక్కజొన్న నూనెనో, ఎంసీటీ నూనెనో కలిపితే ఇది ఆగుతుంది. కానీ ఆ నూనె మరీ ఎక్కువైతే తైలాన్ని తనలోనే పట్టేసుకుంటుంది. నిలకడకీ బలానికీ మధ్య సరైన పాలు మీ ఎమల్షన్‌లో మీరే పరీక్షించి పట్టుకోవాలి.

ఎమల్షన్ ఒక్కటే దారి కాదు. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌లో (చక్కెర అణువుల వలయంలో) బంధించి పొడిగా వాడుకోవచ్చు, వాసన కూడా కొంత అణుగుతుంది. ఆల్జినేట్, పెక్టిన్ పూతల్లో కలిపి ముక్కల మీద పూయొచ్చు. అల్లైల్ ఐసోథయోసైనేట్‌కి ఆవిరే ఆయుధం కాబట్టి, చిన్న సంచిలో పెట్టి ప్యాకెట్ లోపల ఉంచితే ఆహారాన్ని తాకకుండానే పనిచేస్తుంది. ఆవిరి రూపంలో తక్కువ మోతాదు చాలడం దీని గొప్ప సుగుణం. అయితే ప్యాకెట్ ఫిల్మ్ గుండా ఆవిరి ఎంత తప్పించుకుంటుందో ముందే కొలవండి.

ఎప్పుడు కలపాలి? మూత లేని పాత్రలో మరుగుతున్నప్పుడు కలిపితే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. చల్లారాక కలపండి. మూసిన హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న పండ్ల రసం లైన్‌లోనైతే వేడికి ముందే కలపొచ్చు. వేడి, తైలం కలిసి దెబ్బ తీస్తే బ్యాక్టీరియా త్వరగా చస్తుంది. అలాగని పరీక్షలో రుజువు కాకుండా వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గించకండి.

పనిచేసేవాళ్ల సంగతి మరవకూడదు. పలచన చేయని తైలం చర్మాన్ని కాలుస్తుంది. సిన్నమాల్డిహైడ్‌తో కొందరికి ఎలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు. ఆవ తైలం ఆవిరి కళ్లను, ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి లాగే హుడ్ ఉండాల్సిందే. తైలాలు మండే స్వభావం ఉన్నవి కాబట్టి నిప్పుకు దూరంగా ఉంచాలి. నిల్వకు ముదురు రంగు గాజు సీసాలో, స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బాలో వాడండి. యూజెనాల్ పాలీస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది, కొన్ని రబ్బరు గ్యాస్కెట్లు తైలం తాగి ఉబ్బిపోతాయి.

6. రుచి, భద్రత, చట్టం

రుచికి ట్రయాంగిల్ టెస్ట్ చాలు. మూడు గిన్నెల్లో రెండు ఒకటే, ఒకటి తైలం కలిపినది. వేరేది ఏదో చెప్పమనండి. చాలామంది సరిగ్గా చెబితే వాసన బయటపడుతున్నట్టే. కొత్తగా కలిపిన రోజే కాకుండా నిల్వ కాలం మధ్యలో, చివర్లో కూడా ఈ పరీక్ష చేయండి.

భద్రత లెక్క ఒకసారి కాగితం మీద వేయండి. యూజెనాల్‌కి జెక్ఫా, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం, పెట్టిన పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు, 20 కిలోల పిల్లవాడికి 50. ఆహారంలో 0.1 శాతం లవంగ తైలం వేశారనుకుందాం, అందులో 80 శాతం యూజెనాల్. అప్పుడు 100 గ్రాముల ఆహారంలో 80 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ పిల్లవాడు 63 గ్రాములు తినేసరికే పరిమితి దాటిపోతాడు. ఒక్కోసారి మొత్తం ప్రాజెక్టు ఈ చిన్న లెక్క దగ్గరే ఆగిపోతుంది, ఆగిపోవడమే మంచిది. సహజమైనదన్న మాటను భద్రతకు హామీగా ఎవరూ తీసుకోకూడదు.

చట్టం విషయంలో మీ ఉత్పత్తి ఏ దేశంలో అమ్ముడవుతుందో ఆ దేశపు నియమమే చివరి మాట. అమెరికాలో లవంగం, దాల్చిన బెరడు, థైమ్ తైలాలు సాధారణంగా సురక్షితమని గుర్తించిన జాబితాలో ఉన్నాయి. యూరప్‌లో ఎస్ట్రగోల్, సాఫ్రోల్, మిథైల్ యూజెనాల్, కౌమరిన్ లాంటి పదార్థాలను విడిగా కలపకూడదు, మొక్క నుంచి సహజంగా వచ్చిన వాటికీ కొన్ని ఆహారాల్లో గరిష్ఠ పరిమితులున్నాయి. ఫ్లేవర్‌గా అనుమతి ఉన్నంత మాత్రాన ప్రిజర్వేటివ్‌గా వాడి, లేబుల్ మీద ఫ్లేవర్ అని రాయొచ్చని అనుకోకండి.

7. చాలెంజ్ టెస్ట్

ఇది లేకుండా ఉత్పత్తి బయటికి వెళ్లకూడదు. బ్యాక్టీరియాను కావాలనే ఆహారంలో వేసి, నిల్వ కాలమంతా గమనించడమే చాలెంజ్ టెస్ట్. ఒకే రకం కాకుండా మూడు నుంచి ఐదు స్ట్రెయిన్ల మిశ్రమం వాడతారు. పెరుగుదల ఆగుతుందా అని చూడాలంటే గ్రాముకు 100 నుంచి 1,000 దాకా వేస్తారు. చంపుతుందా అని చూడాలంటే పది లక్షల నుంచి కోటి దాకా. కనీసం మూడు వేర్వేరు బ్యాచ్‌లలో చేయాలి. ఫ్రిజ్ ఎప్పుడూ సరైన చల్లదనంలో ఉండదు కాబట్టి కాస్త వెచ్చని ఉష్ణోగ్రతలో కూడా ఒక వరస పెట్టండి.

ఫలితం లాగ్ లెక్కలో వస్తుంది. ఒక లాగ్ తగ్గడమంటే 90 శాతం పోయినట్టు, మూడు లాగ్‌లు 99.9, ఐదు లాగ్‌లు 99.999 శాతం. 90 శాతం అనగానే గొప్పగా అనిపిస్తుంది. గ్రాముకు పది లక్షలు ఉంటే ఇంకా లక్ష మిగిలే ఉన్నాయి. అమెరికాలో పండ్ల రసానికి ఐదు లాగ్‌ల తగ్గుదల నియమం. మొక్కల తైలం ఒక్కదానితో, తాగగలిగే రుచిలో అంత సాధించడం చాలా కష్టం. తైలం ఒకటి రెండు లాగ్‌లు తగ్గించి, మిగిలినవి పెరగకుండా ఆపితే అది మంచి ఫలితం కిందే లెక్క.

ఒక మోసం గురించి హెచ్చరిస్తాను. నమూనాను ప్లేటు మీద వేసినప్పుడు ఆహారంతో పాటు తైలం కూడా ప్లేటు మీదకు వస్తుంది. బతికున్న బ్యాక్టీరియా కూడా ఆ ప్లేటు మీద పెరగదు, సున్నా చూసి సంబరపడతాం. నమూనాను పలచన చేయడానికి లెసిథిన్, ట్వీన్ 80 ఉన్న డే-ఎంగ్లీ ద్రావణం వాడితే తైలం చాలావరకు అణుగుతుంది. అది నిజంగా అణిగిందో లేదో కూడా ఒకసారి పరీక్షించండి.

అసలు వ్యాధికారక బ్యాక్టీరియాను ఎప్పుడూ, ఏ కారణంతోనూ ఉత్పత్తి జరిగే చోటికి తీసుకురాకండి. అది తగిన రక్షణ ఉన్న ల్యాబ్ పని. మీ లైన్ మీద ప్రయోగం చేయాల్సి వస్తే హాని చేయని దగ్గరి చుట్టం, ఉదాహరణకు లిస్టీరియా ఇన్నోక్యువా, వాడతారు. దానికీ ముందస్తు అనుమతి, తర్వాత పూర్తి శుద్ధి తప్పనిసరి.

8. లైన్ మీద రోజూ

తైలం కలిపే దశను హాసప్ (ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే) ప్రణాళికలో రాసుకోండి. ఎంత వేశారు, ఏ బ్యాచ్ తైలం, ఎమల్షన్ ఎన్ని రోజుల కిందటిది, కలిపాక పీహెచ్ ఎంత, ఇవి ప్రతి బ్యాచ్‌కూ రికార్డు కావాలి. ట్యాంకు పైనుంచి, మధ్య నుంచి, కింది నుంచి ఒక్కో నమూనా తీసి ప్రధాన పదార్థం ఎంత ఉందో కొలిపించండి. మా సాస్ అనుభవం తర్వాత ఈ మూడు నమూనాలు లేకుండా నింపడం మొదలుపెట్టనివ్వను.

మోతాదు తగ్గించి వాడదామనే ఆశ మొదటి నెల దాటాక వస్తుంది, ఖర్చు వల్లనో, ఘాటు వల్లనో. చావనంత తక్కువ మోతాదుకు అలవాటు పడ్డ బ్యాక్టీరియా ఇతర ఒత్తిళ్లనూ తట్టుకునేలా మారే అవకాశం ఉంది. పరీక్షలో నెగ్గిన మోతాదు మార్చాలంటే చాలెంజ్ టెస్ట్ మళ్లీ మొదటినుంచి చేయాలి. చీజ్, పెరుగు, పులియబెట్టిన సాసేజ్‌ల లాంటి వాటిలో మేలుచేసే బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుందని గుర్తుంచుకోండి. పులియడం ఆలస్యమైతే పులుపు ఎక్కడం ఆలస్యమవుతుంది, ఆ సందులో చెడ్డవి పెరుగుతాయి.

తైలం పాతబడుతుంది కూడా. గాలి తగిలిన సిన్నమాల్డిహైడ్ మెల్లగా ఆక్సీకరణ చెంది బలం కోల్పోతుంది. సీసా తెరిచిన తేదీ దాని మీద రాయండి, వాడాక ఖాళీ చోట నైట్రోజన్ నింపి మూయండి. కొత్త బ్యాచ్ తైలం రాగానే, జీసీ-ఎంఎస్ రిపోర్టు ఉన్నా సరే, పాత బ్యాచ్ పక్కన పెట్టి ఒకే ప్లేటులో ఎంఐసీ చూడండి. రెండు గుంతల కంటే ఎక్కువ తేడా వస్తే ఆ డబ్బాను గోడౌన్‌లోనే పక్కన పెట్టి, "వాడరాదు" అని చీటీ అంటించండి.